సెటిల్‌మెంట్ కంపెనీలో చేరాక కోర్టు సమన్లు వస్తే: బెంగళూరులో ఏం చేయాలి, ఎన్ని రోజుల్లో చేయాలి

ఈఎంఐలు ఆపేశారు. బ్యాంకుతో బేరమాడి బాకీ తగ్గిస్తామనే సెటిల్‌మెంట్ కంపెనీ చెప్పినట్టు నెలనెలా వేరే ఖాతాలో కొంత వేస్తున్నారు. ఇంతలో మారతహళ్లిలో అద్దెకుంటున్న ఇంటికో, కర్నూలులో అమ్మానాన్నల దగ్గరికో కోర్టు కవరు వచ్చింది. కంపెనీకి ఫోన్ చేస్తే "కంగారు పడకండి సార్, మా లీగల్ టీమ్ చూసుకుంటుంది" అన్నారు. ఆ మాట నమ్మి కవరు బీరువాలో పడేసినవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు.

కంపెనీతో మీరు చేసుకున్న ఒప్పందంలో బ్యాంకు సంతకం లేదు. మీరు ఆ కంపెనీ ప్రోగ్రామ్‌లో ఉన్నారని బ్యాంకు దావా వేయడం మానుకోవాల్సిన పని లేదు, వేసిన దావా ఆ కారణంతో ఆగదు. అందుకని ఇక్కణ్నుంచి రెండు పనులు పక్కపక్కనే నడవాలి. కోర్టులో గడువులోగా జవాబు పడాలి, బయట బేరం సాగాలి. కోర్టులో జవాబు పడితే బ్యాంకు బేరానికి కూర్చుంటుంది. పడకపోతే నాలుగు వాయిదాల్లో డిక్రీ (బాకీ కట్టాలన్న కోర్టు తీర్పు) చేతికొస్తుందని దానికి తెలుసు, ఇక తగ్గించడం దేనికి?

మొదట, వచ్చిన కాగితం ఏమిటో తేల్చుకోండి

"కోర్టు నోటీసు" అని అందరూ అనేదాంట్లో కనీసం ఐదు రకాలున్నాయి. ఒక్కోదానికి గడువు ఒక్కోలా ఉంటుంది.

వకీలు లెటర్‌హెడ్ మీద వచ్చింది లీగల్ నోటీసు, ఇంకా కోర్టు దాకా పోలేదన్నమాట. కానీ అందులో చెక్కు నంబరు, "15 రోజుల్లో" అన్న మాట, సెక్షన్ 138 (చెక్కు చెల్లకపోవడాన్ని నేరంగా చూసేది) కనిపిస్తే అది మామూలు నోటీసు కాదు, దాని సంగతి కింద విడిగా చెప్తాం. మామూలు లోక్ అదాలత్ నోటీసు రాజీకి పిలుపు మాత్రమే. "పర్మనెంట్ లోక్ అదాలత్" అని ఉంటే అలా కాదు, రాజీ కుదరకపోతే అదే తీర్పు ఇవ్వగలదు. మామూలు లోక్ అదాలత్ నుంచి దావా వేయకముందు వచ్చిన పిలుపుకు వెళ్లకపోతే శిక్షేమీ ఉండదు, వెళ్తే మాత్రం మంచి బేరం కుదిరే అవకాశం ఉంది. ఆర్బిట్రేషన్ (లోన్ ఒప్పందం ప్రకారం కోర్టు బయట ఆర్బిట్రేటర్ అనే ప్రైవేటు వ్యక్తి తగవు తేల్చడం) నోటీసు చాలాసార్లు ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో వస్తుంది, స్పామ్ ఫోల్డర్‌లో పడి ఉంటుంది. దాన్ని కోర్టు కాదులే అని వదిలేయకండి. ఆర్బిట్రేటర్ ఇచ్చే అవార్డును కోర్టు డిక్రీలాగే అమలు చేస్తారు.

ఇక అసలు సమన్లు. దాని మీద కోర్టు ముద్ర, కేసు నంబరు, హాజరు కావాల్సిన తేదీ ఉంటాయి. కన్నడలో ఉన్నా భయం లేదు, లిపి మనకు కూడబలుక్కుని చదివేంత దగ్గరిదే. వాది, ప్రతివాది, దినాంక అన్న మాటలు చూడగానే తెలిసిపోతాయి. నంబరు ముందున్న అక్షరాలే మీకు ముఖ్యం. ఓఎస్ అంటే మామూలు సివిల్ దావా. కామ్ ఓఎస్ అంటే కమర్షియల్ కోర్టు దావా. సీసీ అంటే మేజిస్ట్రేట్ ముందున్న క్రిమినల్ కేసు, అప్పుల విషయంలో దాదాపు ఎప్పుడూ చెక్కు కేసే. ఓఏ అంటే రాజ్‌భవన్ రోడ్డు టెలిఫోన్ హౌస్‌లో ఉన్న డీఆర్‌టీ (బ్యాంకు బాకీల ట్రిబ్యునల్), బాకీ 20 లక్షలకు తక్కువైతే అక్కడికి పోదు. ఈఎక్స్ అనో ఎగ్జిక్యూషన్ అనో ఉంటే డిక్రీ అప్పటికే అయిపోయిందని అర్థం. అప్పుడు చివర్లో ఉన్న భాగం ముందు చదవండి.

సమన్లలో ఏ భవనమో కూడా చూడండి. సిటీ సివిల్ కోర్టు కెంపేగౌడ రోడ్డులో ఉంది, దాని మరో యూనిట్ ఎంజీ రోడ్డు పక్కన మేయో హాల్‌లో ఉంది. కోర్టు హాళ్లను సీసీహెచ్ నంబర్లతో పిలుస్తారు. మెజెస్టిక్ దగ్గర దిగి కెంపేగౌడ రోడ్డు కోర్టులో హాలు వెతుక్కుంటూ ఉంటే మేయో హాల్‌లో మీ పేరు పిలవడం అయిపోతుంది.

కేసు నిజమో కాదో ఆన్‌లైన్‌లో చూడండి

వాట్సాప్‌లో అరెస్టు వారంటు బొమ్మలు పంపి బెదిరించే రికవరీ ఏజెంట్లు ఉన్నారు, కాబట్టి ఇది దాటేయకండి. ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లోగానీ యాప్‌లోగానీ ప్రతి కేసుకూ విడిగా ఉండే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొట్టండి. కర్ణాటక కేసుల నంబర్లు కేఏతో మొదలవుతాయి. నంబరు లేకపోతే కోర్టు కాంప్లెక్స్, సంవత్సరం ఎంచుకుని మీ పేరుతో వెతకండి. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి, ఇంటిపేరు పొడి అక్షరాలతో ఒకసారి. మన పేర్లను ఇంగ్లిషులో ఒక్కో బ్యాంకు ఒక్కోలా రాస్తుంది.

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. లోన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన ఆధార్ మీద చాలామందికి సొంతూరి చిరునామానే ఉంటుంది. సమన్లు పట్టుకొచ్చే కోర్టు ఉద్యోగి, అంటే అమీనా, అక్కడికి వెళ్తాడు. నాన్న "వాడిక్కడ లేడు" అని తిప్పి పంపుతారు, లేదా ఏదో బ్యాంకు కాగితం అనుకుని సంతకం పెట్టి దేవుడి పటం వెనక దాస్తారు. పోస్టులో పంపిన సమన్లు "తీసుకోలేదు" అని తిరిగొస్తే కోర్టు దాన్ని అందినట్టే లెక్కేయవచ్చు. తలుపుకు అంటించినా, చివరికి పేపర్లో ప్రకటన వేసినా కోర్టు ఉత్తర్వుతో అది చెల్లుతుంది. అందుకని బెంగళూరుతోపాటు సొంత జిల్లా కోర్టుల్లో, లోన్ అగ్రిమెంట్‌లో వివాదాలకు ఏ ఊరి కోర్టు అని రాశారో ఆ ఊళ్లో కూడా వెతకండి. ఈఎంఐలు ఆగిన రోజు నుంచి నెలకోసారి వెతకడం అలవాటు చేసుకోండి. ఇంట్లోవాళ్లకు చెప్పేయండి: ఏ కవరొచ్చినా తీసుకోండి, తేదీ రాయండి, రెండు వైపులా ఫోటో తీసి పంపండి. సిగ్గుపడి దాచిపెడితే నష్టం మీకే.

గడువు లెక్క

సమన్లు చేతికందిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది, మీరు కవరు విప్పిన రోజు నుంచి కాదు. కవరు కూడా దాచండి, పోస్టు ముద్ర తేదీ పనికొస్తుంది.

మామూలు ఓఎస్ దావాలో రాతపూర్వక జవాబుకు 30 రోజులు. కారణం చూపితే కోర్టు 90 రోజుల వరకు ఒప్పుకుంటుంది. కమర్షియల్ దావాలో 120 రోజులు దాటితే జవాబిచ్చే హక్కే పోతుంది, ఏ కారణం చెప్పినా కోర్టు తీసుకోదు. 3 లక్షలు, ఆపైన విలువున్న కమర్షియల్ వివాదాలు ఈ కోర్టుకు వెళ్తాయి. డీఆర్‌టీలో 30 రోజులు, గట్టి కారణం ఉంటే ఇంకో 15.

అందరూ బోల్తాపడేది సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 37 సమ్మరీ దావా (పూర్తి విచారణ లేకుండా త్వరగా తేల్చేది) దగ్గర. రాసిచ్చిన ఒప్పందం మీద, ప్రామిసరీ నోటు మీద తేలిన బాకీకి బ్యాంకులు ఈ దారి పట్టుకోవచ్చు. సమన్లలో ఎక్కడైనా ఆర్డర్ 37 అని ఉందా అని ప్రతి పేజీ చూడండి. ఉంటే మీకున్నది 10 రోజులే. ఆ 10 రోజుల్లో జవాబు వేయడం కాదు, హాజరు నమోదు చేసి, మీకు కాగితాలు పంపాల్సిన చిరునామా దాఖలు చేయాలి. ఆ తర్వాత వాది ఇంకో సమన్లు పంపిస్తాడు. అది అందిన 10 రోజుల్లో, "నాకు నిజమైన వాదన ఉంది, వాదించుకోనివ్వండి" అని అఫిడవిట్‌తో అనుమతి అడగాలి. మొదటి 10 రోజులు దాటితే దావాలో రాసినదంతా మీరు ఒప్పుకున్నట్టే, డిక్రీ ఇచ్చేయవచ్చు. అనుమతి ఇచ్చినా కొంత సొమ్ము కోర్టులో కట్టమని షరతు పెట్టవచ్చు. ప్రోగ్రామ్ ఖాతాలో పోగేసిన డబ్బు అక్కరకొచ్చేది ఇలాంటి చోటే.

చెక్కు ఉంటే కథ వేరు

సివిల్ దావాలో పోలీసులకు పనిలేదు. 138 కేసులో అలా కాదు, వాయిదాకు పోకపోతే వారంటు తీసుకుని వచ్చేది పోలీసులే. లోన్ ఇచ్చేటప్పుడు సంతకం పెట్టించుకున్న ఖాళీ చెక్కులు ఇందుకే. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో వాళ్లు నోటీసు పంపాలి. అది మీకు అందాక 15 రోజుల్లో చెక్కు మొత్తం కడితే నేరమే లేదు. కట్టకపోతే ఆ తర్వాత నెల రోజుల్లోపు వాళ్లు మేజిస్ట్రేట్ ముందు ఫిర్యాదు వేస్తారు. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. బెయిలిచ్చే నేరమే కాబట్టి పిలిచిన రోజున జామీనుతో వెళ్తే భయపడాల్సిందేమీ లేదు. తప్పు చేయలేదని మీరు చెప్పాక, కేసు తేలకముందే చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం కట్టమని మేజిస్ట్రేట్ ఆదేశించే వీలుంది. అందుకు 60 రోజులు ఇస్తారు.

చెక్కు లేదు, ఈ-నాచ్ (ఖాతాలోంచి ఈఎంఐ నేరుగా తీసుకోవడానికి ఇచ్చిన అనుమతి) మాత్రమే కదా అంటారా? ఖాతాలో డబ్బు లేక అది తిరిగొచ్చినా 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం సెక్షన్ 25 కింద అదే శిక్ష, అవే గడువులు. "ఈఎంఐలు ఆపండి" అని చెప్పిన కంపెనీ ఈ సంగతి చెప్పి ఉండాల్సింది.

ఇక్కడ చూసుకోవాల్సింది చెక్కు మీద వేసిన అంకె. మీరు కొంత కట్టేశాక, ఆ కట్టింది తగ్గించకుండా పాత మొత్తానికే చెక్కు వేస్తే, చెక్కు వేసిన రోజున ఉన్న బాకీ కన్నా అది ఎక్కువైతే 138 నిలవదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. కట్టిన ప్రతి రూపాయికీ స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి.

ఆర్బిట్రేషన్ నోటీసుకు ఏం రాయాలి

ఆర్బిట్రేటర్‌ను ఎవరు వేశారో చూడండి. అప్పిచ్చినవాళ్లే ఏకపక్షంగా ఒక్కడిని ఎంచుకుంటే ఆ నియామకం చెల్లదని సుప్రీంకోర్టు 2019 పెర్కిన్స్ ఈస్ట్‌మన్ తీర్పులో చెప్పింది. 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఏకపక్ష నియామకాలను తప్పుపట్టింది. కాబట్టి మొదటి మెయిల్‌లోనే, "ఈ నియామకానికి నేను రాతపూర్వకంగా ఒప్పుకోలేదు, ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 12(5) కింద అభ్యంతరం తెలుపుతున్నాను" అని రెండు వాక్యాల్లో రాసి పంపండి. నోటీసు అందిన 15 రోజుల్లో పంపితే మంచిది. అవార్డు వచ్చేసి ఉంటే, దాని కాపీ అందిన రోజు నుంచి 3 నెలల్లో సెక్షన్ 34 కింద కోర్టుకు పోవాలి. ఆపైన ఇంకో 30 రోజులు కారణం చూపి అడగవచ్చు, దాని తర్వాత ఒక్క రోజు కూడా లేదు.

ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉండి కూడా వాళ్లు సివిల్ కోర్టులో దావా వేస్తే, ఆర్బిట్రేషన్‌కు పంపమని అడిగే హక్కు మీది. జవాబు దావా వేయకముందే అడగాలి, వేశాక లేదు. అడగడం మీకు లాభమా కాదా అన్నది వకీలుతో మాట్లాడి తేల్చుకోండి. ఊరికే కాలయాపనకు అడిగితే ఖర్చు రెండింతలవుతుంది.

కంపెనీకి అదే రోజు మెయిల్ పంపండి

ఫోన్ కాదు, మెయిల్. సమన్లు స్కాన్ చేసి జతపరచి, నాలుగు ప్రశ్నలు అడగండి. నా తరఫున కోర్టులో నిలబడే వకీలు పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఏమిటి? ఆయన ఈ కేసులో వకాల్తా వేస్తున్నారా, ఏ తేదీన? ఆ ఫీజు నేను ఇప్పటికే కట్టినదాంట్లో ఉందా, విడిగానా? నా ఖాతాలో ఈరోజు ఎంత ఉంది, ఈ బ్యాంకుకు ఇప్పటిదాకా నా తరఫున ఏమేం రాశారు, వాటి కాపీలు పంపండి.

చివరి ప్రశ్న ఊరికే పెట్టలేదు. బాకీ మీద దావా వేయడానికి కాలపరిమితి సాధారణంగా మూడేళ్లు. ఆ మూడేళ్లు నిండకముందు మీరు బాకీ ఉందని రాసి సంతకం పెడితే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. మీరు అధికారమిచ్చిన ఏజెంటు సంతకమైనా సరే. మధ్యలో వెయ్యి రూపాయలు కట్టి, దానికి మీ చేతిరాతో సంతకమో ఆధారంగా ఉన్నా అంతే. కంపెనీవాళ్లు "మా క్లయింట్ బాకీ 6,40,000 ఒప్పుకుంటున్నారు, కొంత తగ్గించండి" అని లేఖ రాసి ఉంటే మీ చేతిలోని కాలపరిమితి వాదన అక్కడితో పోయిందనుకోవచ్చు. పాత బాకీలకు ఇంకో మెలిక ఉంది. కోవిడ్ కారణంగా 15.03.2020 నుంచి 28.02.2022 వరకు ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది. "మూడేళ్లు దాటిపోయిందిలే" అని మీకు మీరే తీర్పు ఇచ్చుకోకండి.

రెండు రోజుల్లో నాలుగింటికీ సూటిగా జవాబు రాకపోతే కంపెనీ లీగల్ టీమ్‌ను లెక్కలోంచి తీసేసి సొంత వకీలును చూసుకోండి. వకాల్తా వేసిన అడ్వొకేటు తప్ప, కంపెనీ మనిషి ఎవరూ కోర్టులో మీ తరఫున మాట్లాడలేరు. ఫీజు తీసుకుని సేవ చేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు, మీరు ఉండే ఊళ్లోనే. అందుకు ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయించుకోవచ్చు. అయితే అది తర్వాతి పని, సమన్ల తేదీ ముందు.

వకీలు, డబ్బు లేకపోతే ఉచిత వకీలు

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టంలోనే ఉంది. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవల ప్రాధికార కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి.

వాయిదా రేపే, వకీలు ఇంకా దొరకలేదు అంటే మీరే వెళ్లండి. పదిన్నరకల్లా హాలు బయట అతికించిన ఆనాటి జాబితాలో మీ వరుస నంబరు చూసుకోండి. పేరు పిలవగానే నిలబడి మూడే మాటలు చెప్పండి: నేనే ప్రతివాదిని, దావా కాపీ పూర్తిగా ఇప్పించండి, వకీలును పెట్టుకోవడానికి సమయం ఇవ్వండి. కన్నడ రాకపోతే ఇంగ్లిషులో చెప్పండి. ఉద్యోగం పోయిన కథ, ఇంట్లో జబ్బు కథ అక్కడ మొదలుపెట్టొద్దు, అవి రాజీ మాటల్లో పనికొస్తాయి. "బాకీ ఉంది సార్, కడతాను" అని నోరు జారితే అది రికార్డులోకి ఎక్కవచ్చు.

జవాబు దావాలో ఏముండాలి

దావాలో రాసిన ఒక్కో పేరాకు ఒక్కో జవాబు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 8 ప్రకారం స్పష్టంగా కాదనని విషయం ఒప్పుకున్నట్టే. "దావాలోనివన్నీ అబద్ధాలు" అని టోకున కొట్టేస్తే కాదన్నట్టు కాదు. అలాగని తీసుకున్న లోన్‌ను అసలు తీసుకోలేదని రాయడం మీ మిగతా వాదనలన్నిటినీ ముంచేస్తుంది. అంకెల మీద గట్టిగా నిలబడటం మేలు.

లోన్ ఖాతా స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని, స్కేలు పట్టుకుని వరుస వరుసా చదవండి. ఇదొక సాయంత్రం పని, వకీలు గుమాస్తా మీకోసం చేయడు. మీ బ్యాంకు పాస్‌బుక్‌లో పోయిన ప్రతి ఈఎంఐ అక్కడ జమ పడిందా చూడండి. ఏజెంటుకు నగదు ఇస్తే రసీదు నంబరుతో కలపండి. తర్వాత పెనాల్టీల దగ్గర ఆగండి. ఆర్‌బీఐ 2023 ఆగస్టు 18 సర్క్యులర్ ప్రకారం ఈఎంఐ ఆలస్యానికి పీనల్ చార్జీ వేయొచ్చుగానీ, దాన్ని వడ్డీ రూపంలో వేయకూడదు, ఆ చార్జీని అసలులో కలిపి దానిమీద మళ్లీ వడ్డీ లెక్కకట్టకూడదు. కొత్త లోన్లకు ఇది 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, పాత లోన్లను ఆ ఏడాది జూన్ 30లోపు ఇందులోకి మార్చాలి. క్రెడిట్ కార్డులకు ఈ సర్క్యులర్ వర్తించదు. ఒక నెల చివర బ్యాలెన్సులో పీనల్ చార్జీ కలిసి, తర్వాతి నెల వడ్డీ ఆ పెరిగిన మొత్తం మీద పడి ఉంటే, ఆ వరుస చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి వకీలుకు చూపించండి. అలాంటివి ఆరేడు దొరికితే అంకె తగ్గించడానికి బ్యాంకు వకీలే ముందుకొస్తాడు.

చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. లోన్‌ను వేరే సంస్థ కొనుక్కుని దావా వేస్తే, ఆ బదలాయింపు పత్రంలో మీ లోన్ నంబరు ఉందా? కంప్యూటర్ స్టేట్‌మెంట్‌కు చట్టం అడిగే సర్టిఫికెట్ జతచేశారా? 3 లక్షలు దాటిన కమర్షియల్ దావా అయితే, అత్యవసర ఉత్తర్వు ఏదీ అడగకుండా, దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లకుండా నేరుగా వచ్చేశారా? ఈ కోర్టుకు ఈ దావా విచారించే పరిధి ఉందా?

"నేను సెటిల్‌మెంట్ ప్రోగ్రామ్‌లో ఉన్నాను" అనేది మాత్రం వాదనగా రాయొద్దు. అది వాదన కాదు, బాకీ ఒప్పుకోలు. రాజీకి సిద్ధం అన్న ముక్క చివర్లో, "నా హక్కులకు, వాదనలకు భంగం లేకుండా సెక్షన్ 89 కింద మధ్యవర్తిత్వానికి సమ్మతమే" అని ఒక్క వాక్యంగా చాలు.

డబ్బును, జీతాన్ని ఎక్కడ ఉంచాలి

దావా వేసిన బ్యాంకులోనే మీ జీతం పడుతుంటే, బాకీ కింద జమ చేసుకుంటామని వాళ్లు ఆ డబ్బు మీద చేయి వేయవచ్చు. జీతం ఖాతా వేరే బ్యాంకుకు మార్పించండి. ప్రోగ్రామ్ పొదుపు ఖాతా మీ పేరు మీద, మీ సంతకంతోనే నడుస్తోందా చూసుకోండి. ఐదు అప్పులు ఉంటే ఆ పొదుపును ఐదింటికీ సమానంగా ఉంచడం ఇప్పుడు అనవసరం. దావా వేసినవాళ్లకు, అందులోనూ చెక్కు ఉన్నవాళ్లకు ముందు.

ఇల్లు తమ్ముడి పేర రాయడం, బండి అమ్మేసి డబ్బు మాయం చేయడం చేయకండి. అప్పులవాళ్లను తప్పించుకోవడానికి చేసిన బదిలీని కోర్టు రద్దు చేయగలదు, పైగా మీరు ఆస్తి దాచేస్తున్నారని చూపించి వాళ్లు తీర్పుకు ముందే జప్తు అడుగుతారు. మన వైపు పెద్దవాళ్లు "ఐపీ పెట్టెయ్యి, పీడా పోతుంది" అంటారు. బెంగళూరులో దానికి ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. పెడితే మీ ఆస్తి కోర్టు పెట్టిన రిసీవర్ చేతికి పోతుంది. నాలుగు లక్షల క్రెడిట్ కార్డు బాకీకి అంత దూరం పోవాల్సిన పని లేదు.

రాజీ కోర్టు రికార్డులోకి ఎక్కాలి

దావా నడుస్తుండగా బయట సెటిల్ చేసుకుని, "కేసు మేం వాపసు తీసుకుంటాం" అన్న ఫోన్ మాట మీద డబ్బు కట్టకండి. ఇటు మీరు కట్టేస్తారు, అటు బ్యాంకు వకీలుకు కబురే అందదు, మీరు హాజరు కాని రోజున ఎక్స్‌పార్టీ డిక్రీ పడుతుంది.

మొదట బ్యాంకు అధికారిక మెయిల్ నుంచి, సంతకంతో సెటిల్‌మెంట్ లెటర్ రావాలి. లోన్ నంబరు, కేసు నంబరు, మొత్తం, ప్రతి వాయిదా తేదీ, చెక్కులు తిరిగివ్వడం, చెక్కు కేసు రాజీ చేసుకోవడం, బకాయి లేదన్న పత్రం ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నవన్నీ అందులో ఉండాలి. డబ్బు లోన్ ఖాతాకే పోవాలి, ఏజెంటు యూపీఐకి కాదు.

వాయిదాలు మీ స్తోమతకు కొంచెం లోపలే పెట్టుకోండి. ఉదాహరణకు పొదుపు ఖాతాలో 1,10,000 ఉంది, నెలకు 18,000 వేయగలరు, బ్యాంకు 2,80,000కు ఒప్పుకుంది అనుకోండి. ముందు 1,00,000, తర్వాత 12 నెలలు 15,000 చొప్పున అడగండి. 18,000 చొప్పున 10 నెలలకు ఒప్పుకుంటే తొందరగా తీరిపోతుందనిపిస్తుంది, కానీ ఒక నెల జీతం ఆలస్యమైతే చాలు. చాలా లెటర్లలో ఒక్క వాయిదా తప్పినా రాయితీ రద్దు, పూర్తి బాకీ వడ్డీతో సహా కట్టాలన్న షరతు ఉంటుంది. 15 రోజుల వెసులుబాటు రాయించుకోండి.

తర్వాత ఆ షరతులన్నీ జాయింట్ మెమోగా రాసి, ఇద్దరూ సంతకం పెట్టి, ఆర్డర్ 23 రూల్ 3 కింద కోర్టులో వేయండి. లేదా లోక్ అదాలత్‌కు పంపమని అడగండి. బ్యాంకుకు అందులో లాభముంది, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. బేరంలో ఈ సంగతి గుర్తుచేయొచ్చు. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు కాబట్టి సంతకానికి ముందు అంకెలు రెండుసార్లు చదవండి. మధ్యవర్తిత్వానికైతే హెచ్. సిద్ధయ్య రోడ్డులోని న్యాయ దేగులలో బెంగళూరు మీడియేషన్ సెంటర్ ఉంది.

కేసు కోర్టులో ఉన్నంతకాలం అదే బాకీ గురించి ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు. ఏజెంట్లు మాత్రం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదన్న నియమం దావా ఉన్నా లేకున్నా ఒకటే.

సెటిల్ చేసుకున్న లోన్ సిబిల్‌లో "సెటిల్డ్" అనే కనిపిస్తుంది, "క్లోజ్డ్" అని కాదు. "సిబిల్ శుభ్రం చేయిస్తాం" అని విడిగా డబ్బు అడిగే కంపెనీకి ఇవ్వకండి.

డిక్రీ అప్పటికే అయిపోయి ఉంటే

సమన్లు అందక ఎక్స్‌పార్టీ డిక్రీ పడితే ఆర్డర్ 9 రూల్ 13 కింద రద్దు చేయమని అడగవచ్చు. గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సరిగా అందలేదని చూపగలిగితే మీకు తెలిసిన రోజు నుంచి 30. ఆ చిరునామాలో మీరు ఉండటం లేదనడానికి బెంగళూరు అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, ఆఫీసు ఐడీ జతపరచండి.

రద్దు కాకపోతే, కనీసం ఎంత పోతుందో తెలుసుకోండి. జీతంలో మొదటి 1,000, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు జప్తుకు అందవు. నెలకు 61,000 జీతమైతే 60,000లో మూడో వంతు, అంటే 20,000 వరకు పట్టుకోవచ్చు. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు పట్టుకున్నాక ఇక ఆ డిక్రీకి జీతాన్ని ముట్టుకోకూడదు. పీఎఫ్ జప్తుకు అందదు. కట్టలేనివాణ్ని ఊరికే సివిల్ జైలుకు పంపరు. స్తోమతు ఉండి కావాలని ఎగ్గొట్టినట్టు చూపించాలని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది.

డిక్రీ తర్వాత కూడా బేరం కుదురుతుంది. కాకపోతే డిక్రీ బాకీని కోర్టు బయట కడితే, ఆ చెల్లింపును కోర్టులో నమోదు చేయించాలి. ఆర్డర్ 21 రూల్ 2 ప్రకారం నమోదు కాని చెల్లింపును అమలు చేసే కోర్టు పట్టించుకోదు. బ్యాంకు చేయకపోతే కట్టిన 30 రోజుల్లో మీరే దరఖాస్తు పెట్టండి. ఆ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీని, బకాయి లేదన్న పత్రాన్ని, చివరి వాయిదా బ్యాంకు రసీదును ఒకే ఫైలులో పెట్టి 12 ఏళ్లు దాచండి. డిక్రీని అమలు చేయించుకోవడానికి వాళ్లకు అంత కాలం ఉంటుంది, ఈలోపు మీ లోన్ ఫైలు ఎన్ని చేతులు మారుతుందో ఎవరూ చెప్పలేరు.